ఆర్ఓ మెంబ్రేన్ పూడికను అంకెలతో పట్టుకున్న తీరు: నా అనుభవం

కూకట్‌పల్లిలోని మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీటిని మెంబ్రేన్ల (లవణాలను ఆపే సన్నటి వడపోత పొరల) గుండా ఒత్తిడితో నెట్టి శుద్ధిచేసే ఆర్ఓ ప్లాంటు చలికాలం రాగానే నీళ్లు తక్కువ ఇచ్చేది. కార్ట్రిడ్జ్ (మెంబ్రేన్లకు ముందుండే వడపోత) మార్చడం, యాంటీస్కేలెంట్ (సున్నం పేరుకోకుండా నీటిలో కలిపే మందు) పెంచడం ఫలించలేదు.

మెంబ్రేన్లు కడిగిన మర్నాడే ఫీడ్ ప్రెజర్ (మెంబ్రేన్లలోకి వెళ్లే నీటి ఒత్తిడి), శుద్ధజల ప్రవాహం, నీటి ఉష్ణోగ్రత, హౌసింగ్ (మెంబ్రేన్లు ఉండే గొట్టం) ముందు వెనకల ప్రెజర్ తేడా నోటు పుస్తకంలో రాసిపెట్టాం. ఆ తర్వాత రోజూ ఒకే వేళకు, ఫీడ్ ప్రెజర్‌ను, రికవరీని (లోపలికి పంపిన నీటిలో శుద్ధజలంగా వచ్చే వంతును) మొదటి రోజు స్థాయికే తెచ్చి, గేజీ ముల్లు వణుకు ఆగాక అవే అంకెలు తీసుకుని, నీరు ఒక డిగ్రీ చల్లబడితే ప్రవాహం సుమారు 3 శాతం పడిపోతుంది కనుక, దానిని 25 డిగ్రీల లెక్కకు సరిచేశాం. తగ్గుదలలో అధికభాగం చలి వల్లనేనని అప్పుడు తేలింది. సరిచేసిన ప్రవాహం కూడా 10 శాతం తగ్గాక, చివరి మెంబ్రేన్‌పై తెల్లటి సున్నపు పొర కనిపించడంతో, సిట్రిక్ యాసిడ్‌తో కడిగించాం. ప్రవాహం దాదాపు పూర్వస్థితికి వచ్చింది.

మా నీటి కాఠిన్యం ఎక్కువ కాబట్టి యాసిడ్ సరిపోయింది. జిగురు పాచి పట్టిన చోట సాధారణంగా ముందు క్షార ద్రావణమే వాడతారు, కాబట్టి అక్కడ యాసిడ్‌తో కడగడం ఒక్కటే పనిచేస్తుందని చెప్పలేను.