ఏటి ఒడ్డు ఊరికి 40 మందితో టూరా? ముందు ఇరుకు ఎక్కడుందో చూడండి

ఊరు చిన్నదే, చూడాల్సినవి నాలుగే, పూటలో అయిపోతుందని లెక్క వేస్తారు. ఇద్దరు వెళ్తే నిజంగానే అయిపోతుంది. 40 మందితో వెళ్తే టైమంతా ఇరుకైన చోట్లే తినేస్తాయి. మరుగుదొడ్లు రెండే ఉన్నాయనుకోండి. మనిషికి 2 నిమిషాలు వేసుకున్నా అందరూ వెళ్లొచ్చేసరికి 40 నిమిషాలు. కాగితం మీద 'విరామం 15 నిమిషాలు' అని రాసుకున్నవాళ్లు ఇక రోజంతా పరుగే.

కాబట్టి ముందుగా ఒకసారి మీరే వెళ్లి రండి, అదీ టూరు ఆదివారమైతే ఆదివారమే, అదే వేళకి. బస్సు ఎక్కడ తిరుగుతుంది, రేవుకి ఎన్ని మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ ఉందా, కింది మెట్ల మీద నాచుందా చూసుకోండి. ఆవలి ఒడ్డు కళ్లెదుటే కనిపిస్తుంది గానీ, వంతెన దూరంగా ఉంటే బస్సు చుట్టు తిరిగి రావడానికి గంట పట్టొచ్చు.

పడవలో ఎంతమంది పడతారని అడిగితే చాలదు. ఆ లెక్కలో సిబ్బంది ఉన్నారో లేదో కూడా అడగాలి. 25 మంది పడవైతే 20 చొప్పున రెండు జట్లు చేయండి. లైఫ్ జాకెట్లు తొడిగి ఎక్కించడానికి 15 నిమిషాలు, షికారు 30, దిగడానికి 5: మొత్తం 50. ఆ 50 నిమిషాలూ రెండో జట్టు మ్యూజియమో పాత వీధులో చూస్తుంది, తర్వాత జట్లు మారతాయి. మధ్యలో నడకతో కలిపి 2 గంటలు పక్కన పెట్టండి. గైడ్ గొంతు కూడా 20 మందికే సరిగ్గా అందుతుంది.

జాకెట్ల బకిల్స్ ఒడ్డునే బిగించాలి. పడవలోకి వెళ్లాక ఎవరూ పెట్టుకోరు. పిల్లల సైజులు ఎన్ని కావాలో ముందే చెప్పండి. ఎక్కినవాళ్లు ఎక్కినట్టే కూర్చోవాలి, బరువు రెండు వైపులా సమంగా పడాలి. ఫొటో కోసం అందరూ ఒక్కసారి ఒకే పక్కకి లేచారంటే పడవ ఒరిగిపోతుంది. ఈ మాట మాత్రం మొహమాటం లేకుండా గట్టిగానే చెప్పండి.

మీ దగ్గర ఎండ కాస్తున్నా ఎగువన వాన పడితే, డ్యాం గేట్లు ఎత్తితే ఏరు పెరుగుతుంది. ముందు రోజు సాయంత్రం, బయల్దేరే ముందు సరంగుకి, అంటే పడవ నడిపే మనిషికి, ఫోన్ చేయండి. వద్దంటే బేరమాడకండి. పడవ లేకపోతే ఆ 2 గంటలు ఏం చేయాలో ప్లానులోనే రాసి ఉంచండి.

పడవ ఎక్కే ముందు, దిగాక, బస్సు కదిలే ముందు తలలు లెక్కపెట్టండి. ఇద్దరిద్దరిని జత చేసి, పక్కవాళ్లు లేకపోతే వెంటనే చెప్పమంటే ఎవరు తగ్గారో ఇట్టే తెలుస్తుంది.

ఆవలి ఒడ్డున దిగే టూరైతే, తిరుగు ప్రయాణానికి చివరి ట్రిప్పుని నమ్ముకోవద్దు, దాని ముందుదానికి వచ్చేయండి. ఇంజన్ మొరాయించినా ఇంకో ట్రిప్పు మిగిలి ఉంటుంది.