తుపాన్ల నెలలకు ముందే డొమైన్ గడువు చూసుకోండి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల్లో వెబ్‌సైటు ఉన్న తెలుగు వ్యాపారులు, సంఘాలవారు తమ డొమైన్ (వెబ్‌సైటు చిరునామాగా వాడే పేరు) గడువు అక్టోబరు, నవంబరుల్లో ముగుస్తుంటే సెప్టెంబరులోనే రెన్యువల్ చేయించుకోవాలని గట్టిగా కోరుతున్నాను. 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ వద్ద తీరం దాటింది అక్టోబరు 12న. మరుసటి ఏడాది హుద్‌హుద్ విశాఖను తాకిందీ అదే తేదీన. 2018లో పలాస వద్ద తీరం దాటి గజపతి జిల్లాను వరదల్లో ముంచిన తిత్లీ వచ్చింది అక్టోబరు 11న. కరెంటు, సెల్ టవర్లు పోయిన రోజుల్లో బ్యాంకు ఓటీపీ రాదు, అది లేనిదే కార్డుతో రుసుము కట్టడం కష్టం. ముందుగా కట్టినా పోయేదేమీ లేదు, ఎందుకంటే కొత్త ఏడాది పాత గడువు తేదీ నుంచే మొదలవుతుంది.

గడువు దాటిన డొమైన్ ఆ క్షణమే పరాయివారి పాలు కాదు. డాట్ కామ్ వంటి పేర్లను రిజిస్ట్రార్ (మీకు డొమైన్ అమ్మిన సంస్థ) 45 రోజుల వరకు అట్టిపెట్టవచ్చు, కానీ అది యజమానికి దక్కిన హక్కు కాదు, ఆలోగానే వేలానికి పెట్టే సంస్థలూ ఉన్నాయి. డొమైన్‌ను తొలగించాక మరో 30 రోజులు విడిపించుకునే వీలుంటుంది గానీ, మామూలు రుసుముకు అదనంగా చాలా ఎక్కువ చెల్లించవలసి వస్తుంది. ఆపైన 5 రోజులు ఎవరూ ఏమీ చేయలేరు, అవి గడిస్తే ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. డాట్ ఇన్ పేర్ల రిజిస్ట్రీ (ఆ పేర్లన్నిటి మూల జాబితా) నిక్సీ అనే భారతీయ సంస్థ చేతిలో ఉంది కనుక వాటి గడువుల సంగతి మీ రిజిస్ట్రార్‌ను విడిగా అడగండి.

అన్నిటికన్నా శ్రద్ధగా చూడవలసింది ఈమెయిల్. డొమైన్ పేర్ల వ్యవస్థను ప్రపంచస్థాయిలో సమన్వయపరిచే ఐకాన్ సంస్థ నియమాల ప్రకారం రిజిస్ట్రార్ సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి, గడువు దాటిన 5 రోజుల్లోపు మరొకసారి నోటీసు పంపాలి. ఉదాహరణకు ఒక పట్టుచీరల దుకాణం తన డొమైన్ మీదున్న మెయిల్‌నే రిజిస్ట్రార్ ఖాతాకు ఇచ్చి ఉంటే, డొమైన్ ఆగడంతో ఆ మెయిల్ కూడా ఆగుతుంది, చివరి నోటీసూ, పాస్‌వర్డ్ మార్చుకునే లింకూ రెండూ అందవు. కాబట్టి అక్కడ వేరే మెయిల్ ఇవ్వాలి. సైటు తయారుచేసిన కుర్రవాడి పేరుమీద రిజిస్ట్రేషన్ ఉంటే మీ పేరుకు మార్పించుకోవడం కూడా ఇప్పుడే జరగాలి.

డొమైన్ వివరాలు చూపే ఐకాన్ లుకప్ పేజీలో తేదీ చూసి నిశ్చింతగా ఉండకండి. డాట్ కామ్ రిజిస్ట్రీ గడువు దాటిన పేరుకు తనంతట తానే ఏడాది కలుపుతుంది కనుక, మీరు పైసా కట్టకపోయినా అక్కడ వచ్చే ఏడాది తేదీ కనబడవచ్చు. రిజిస్ట్రార్ ఖాతాలో ఉన్న తేదీనే నమ్మాలి. ఆటో రెన్యువల్ పెట్టుకున్నవారు కార్డు గడువును కూడా చూసుకోవాలి; 2021 అక్టోబరు 1 నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నియమాల వల్ల ఆమోదం లేని ఆటో చెల్లింపులు ఆగిపోతున్నాయి. రెన్యువల్ పేరుతో వచ్చే మెయిల్‌లోని లింకు నొక్కి డబ్బు కట్టవద్దు, ఖాతాలోకి నేరుగా వెళ్లి కట్టండి.

తుపాను ప్రభావం లేని ఊళ్లో, హైదరాబాదులోనో నాగపూర్‌లోనో ఉన్న నమ్మకమైన బంధువుకు ఖాతాలో చెల్లింపు అనుమతి ముందే ఇచ్చి ఉంచితే, ఇక్కడ ఫోన్లు మూగబోయినా అక్కడి నుంచి వారు రుసుము కట్టగలుగుతారు.