పడవలో పక్షులు చూడాలంటే ముందు నీళ్ళ లెక్క చూసుకోండి

డెల్టాలో పక్షులు చూద్దామని పడవ మాట్లాడుకునేవాళ్ళు మొట్టమొదట అడిగేది "పొద్దున్నే ఎన్నింటికి రమ్మంటారు?" అని. నన్నడిగితే అది ఆఖరి ప్రశ్న. సముద్రానికి దగ్గరగా ఉండే పాయల్లో ముందు తేల్చుకోవాల్సింది నీళ్ళు ఎప్పుడు తీస్తాయి, ఎప్పుడు ఎక్కుతాయి అన్నది. చాలా తీరాల్లో ఒక పోటుకీ మరో పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అందుకే పోయిన ఆదివారం ఏడింటికి బురదంతా తేలి ఉల్లంకులు (బురదలో మేసే చిన్న పక్షులు) బారులు తీరిన చోటికి ఈ ఆదివారం అదే ఏడింటికి వెళ్తే నిండా నీళ్ళే ఉంటాయి. "ఈసారి పక్షులు రాలేదండీ" అంటారు. రాకేం, ఆ టైముకి అవి ఏదో మెరక మీద ఒంటికాలిపై నిలబడి కునుకు తీస్తుంటాయి.

నేను చేసేది ఇది: నీళ్ళు తీస్తుండగా ప్రవాహంతో పాటు కిందికి దిగుతాను. పూర్తిగా తీసేసరికి బురద మేటల దగ్గర ఉంటాను. పోటు మొదలయ్యాక తిరుగుముఖం పడతాను. నీళ్ళు ఎక్కేకొద్దీ బురద తరిగిపోయి, ఎక్కడెక్కడో మేస్తున్న పక్షులు మిగిలిన కాస్త జాగాలో గుమిగూడతాయి. పడవ కూడా ఆ నీళ్ళతో పాటే కాస్త లోపలికి వెళ్ళగలదు. ఒకవేళ అడుగు బురదలో దిగబడినా పోటే లేపుతుంది. అదే నీళ్ళు తీసేటప్పుడు చిన్న పాయలో ఇరుక్కుంటే మళ్ళీ పోటు వచ్చేదాకా నెత్తిన ఎండ, చుట్టూ దోమలు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో నీళ్ళు మరీ ఎక్కువ తీస్తాయి కాబట్టి అప్పుడు ఇంకా జాగ్రత్త.

అన్ని డెల్టాలూ ఒకటి కావు. ఐరోపాలో డాన్యూబ్ నది కలిసే నల్ల సముద్రంలో ఆటుపోట్లు లేనట్టే లెక్క. ఆఫ్రికాలోని ఒకవాంగో నది అసలు సముద్రం దాకా పోనే పోదు. అలాంటి చోట తెల్లవారుజామునే బయల్దేరడం తప్ప వేరే లెక్క లేదు.

పడవ చిన్నదై, అడుగు చదునుగా ఉంటే మేలు. దూరం పోవడానికి ఇంజన్, పక్షుల దగ్గర తెడ్డో గెడో. ఎక్కకముందే పడవ నడిపే ఆయనతో సైగలు మాట్లాడుకోండి: చెయ్యి కిందికి ఊపితే ఇంజన్ ఆపాలి, పక్కకి చూపిస్తే అటు తిప్పాలి. అరిచి చెబితే ఆయనకి వినపడేలోపు పక్షులకి వినపడుతుంది. లైఫ్ జాకెట్ ఇస్తే తొడుక్కోండి, ఫొటోలో బాగుండదని పక్కన పెట్టేయకండి.

బైనాక్యులర్స్‌లో 8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేది, ముందు లెన్స్ 42 మి.మీ.) చాలు. 10x అయితే పక్షితో పాటు పడవ ఊపు కూడా పెద్దదై కనిపిస్తుంది, గంటకే తల తిరుగుతుంది. కూర్చుని, మోచేతులు మోకాళ్ళకి ఆనించి చూడండి. లేచి నిలబడాలన్న కోరిక మాత్రం ఒడ్డునే వదిలేసి రండి.

పక్షి కనపడగానే ముక్కుసూటిగా దాని మీదికి పోకూడదు. వాలుగా, దాన్ని దాటి ఎటో పోతున్నట్టు వెళ్ళాలి. కొంచెం ఎగువనే ఇంజన్ ఆపేస్తే ప్రవాహమే దగ్గరికి తీసుకెళ్తుంది. మేత మానేసి మెడ నిక్కించిందంటే హద్దు దాటినట్టే, వెంటనే వెనక్కి జరగాలి. వలస పక్షుల విషయంలో నేను ఈ మాట గట్టిగా చెబుతాను. 2022లో బార్-టెయిల్డ్ గాడ్విట్ అనే వలస పక్షి ఒకటి అలాస్కా నుంచి టాస్మేనియాకి 11 రోజుల్లో 13,560 కిలోమీటర్లు ఎక్కడా వాలకుండా ఎగిరింది. ఆ ఓపికంతా బురదలో తిని ఒంట్లో దాచుకున్న కొవ్వే. ఎగిరేటప్పుడు ఫొటో బాగా వస్తుందని గుంపుని లేపేవాళ్ళతో నేను రెండోసారి పడవ ఎక్కను.

గుర్తుపట్టడానికి మొదట్లో రంగుల జోలికి పోకండి, ఎదురెండలో అన్నీ నల్లగానే ఉంటాయి. ఎగిరేటప్పుడు మెడ ముడుచుకుంటే నారాయణ పక్షి, తెల్లకొంగల కుటుంబం. మెడ చాచి ఎగిరితే స్టార్క్ జాతివి (కొంగల్లాంటి పెద్ద పక్షులు) కావచ్చు. నీళ్ళలో ఒళ్ళంతా మునిగి పాములాంటి సన్నటి మెడ, సూదిలాంటి ముక్కు మాత్రమే పైన ఉంటే డార్టర్. ముక్కు కొనకి కొక్కెం ఉంటే నీటికాకి.

చిన్న తెల్లకొంగ దొరికితే మాత్రం పది నిమిషాలు అక్కడే ఆగండి. నల్లటి కాళ్ళకి పసుప్పచ్చ పాదాలుంటాయి. ఒక పాదాన్ని ముందుకి చాపి లోతులేని నీళ్ళలో వణికిస్తుంది. అడుగున దాక్కున్న చేపపిల్ల బెదిరి కదిలీ కదలకముందే ముక్కు దిగిపోతుంది. అంతలో దాటిపోయిన గద్ద పేరేమిటా అని టెన్షన్ పడకండి.

చూసినవి ఈబర్డ్ యాప్‌లో (పక్షులు చూసేవాళ్ళు తమ లెక్కలు నమోదు చేసేది) ఎక్కించేటప్పుడు వ్యాఖ్యల్లో నీళ్ళు తీస్తున్నాయో ఎక్కుతున్నాయో కూడా రాయండి. తర్వాత వెళ్ళేవాళ్ళకి పేర్ల కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది. లెన్స్ మీద ఉప్పునీళ్ళ చుక్కలు ఆరిపోయి ఉంటే పొడిగుడ్డతో రుద్దకండి, ఉప్పు గీతలు పెడుతుంది. ముందు మంచినీళ్ళలో తడిపిన మెత్తటి గుడ్డతో అద్ది, ఉప్పు కరిగాక తుడవండి.