మానేరు బేసిన్ మోడల్‌: రన్ కొట్టే ముందు డేటా జాగ్రత్తలు

వానాకాలం లోపు మానేరు నదికి స్వాట్ మోడల్ (వాన, నేల, భూవినియోగం బట్టి నదీ ప్రవాహాన్ని లెక్కగట్టే కంప్యూటర్ మోడల్) సిద్ధం చేసుకునేవాళ్లు ఇవి చూసుకోండి.

• వర్షపాతం రికార్డు లేని రోజుకు 0 వేయొద్దు, -99 వేయండి; డేటా లేదని మోడల్‌కు అదే గుర్తు. 0 అంటే మోడల్‌కు ఆ రోజు చినుకే పడలేదని. ఆ లోటు పూడ్చబోయి కాలిబ్రేషన్‌లో (మోడల్ లెక్క అసలు కొలతలకు సరిపోయేలా సవరించేటప్పుడు) సరైన పారామీటర్లనే చెడగొట్టుకుంటాం. జులై, ఆగస్టు ఖాళీలైతే మరీ నష్టం.

• వాతావరణ శాఖ వాన లెక్క ఉదయం 8.30కి ముగిసే 24 గంటలది. ప్రవాహం తేదీలతో పోల్చండి, లేకుంటే వరద శిఖరం ఒక రోజు పక్కకు జరుగుతుంది.

• ఎత్తు, నేల, భూవినియోగ పటాలన్నీ యూటీఎం (దూరాలను మీటర్లలో చూపే పటాల పద్ధతి) 44 ఉత్తర జోన్‌లో ఉండాలి. డిగ్రీల్లో వదిలేస్తే వాలు, విస్తీర్ణం తప్పుతాయి.

• ప్రవాహం క్యూసెక్కులను (సెకనుకు ఘనపుటడుగులు) 35.31తో భాగించి క్యూమెక్కులు (సెకనుకు ఘనపు మీటర్లు) చేయండి.

• దిగువ మానేరు డ్యామ్‌ను రిజర్వాయరుగా తప్పక పెట్టండి. దాని కింది గేజీలో (ప్రవాహం కొలిచే చోట) కనిపించేది గేట్లు వదిలిన నీరు, సహజ ప్రవాహం కాదు.