ఇంగ్లీషు "నీడ్" ఎక్కడ, ఎలా వాడాలి

నీడ్ చాలా చిన్న మాట, ఇంగ్లీషు మొదలుపెట్టిన కొత్తలోనే వచ్చేస్తుంది, కానీ ఏళ్ల తరబడి ఇంగ్లీషు మాట్లాడుతున్నవాళ్లు కూడా దీని దగ్గర తడబడతారు. దానికి ఒక కారణం మన "కావాలి". నాకు నీళ్లు కావాలి అంటే గొంతెండిపోతోందో, ఊరికే తాగాలనిపించిందో ఆ మాటలో తేలదు, వినేవాళ్లే సందర్భాన్ని బట్టి గ్రహిస్తారు. ఇంగ్లీషులో కోరికైతే "వాంట్", అది లేకపోతే గడవదు అన్నప్పుడు "నీడ్". ఇది లేకుండా నా పని జరుగుతుందా అని ఒక్కసారి అనుకుంటే ఏది వాడాలో చాలావరకు తెలిసిపోతుంది.

వాక్యంలో పెట్టడం తేలికే. వస్తువైతే నేరుగా, "ఐ నీడ్ ఎ పెన్". పనైతే మధ్యలో "టు" రావాలి, "ఐ నీడ్ టు స్లీప్". హీ, షీ, ఇట్ ఉంటే "నీడ్స్", జరిగిపోయినదానికి "నీడెడ్". "ఐ నీడ్ ఫర్ హెల్ప్" అనకండి, క్రియగా వాడినప్పుడు ఆ "ఫర్" అక్కర్లేదు, "ఐ నీడ్ హెల్ప్" చాలు. "ఐ యామ్ నీడింగ్" కూడా వద్దు, ఈ క్షణంలోనే అవసరం పడినా సరే "ఐ నీడ్" అనే అంటారు.

అసలు జాగ్రత్తపడాల్సింది "అక్కర్లేదు" అని చెప్పేటప్పుడు. అతను రానక్కర్లేదు అనడానికి రెండు దారులున్నాయి: "హీ డజ్ నాట్ నీడ్ టు కమ్", లేదా "హీ నీడ్ నాట్ కమ్". రెండోదాన్ని జాగ్రత్తగా చూడండి, నీడ్ చివర "స్" లేదు, తర్వాత "టు" కూడా లేదు, ఎందుకంటే అక్కడ అది కెన్, మస్ట్ లాంటి సహాయక క్రియ అయిపోయింది. ఈ రెండు దారుల్ని కలిపేసి "హీ నీడ్స్ నాట్ టు కమ్" అంటే తప్పు. అమెరికన్లు ఎక్కువగా మొదటిదే వాడతారు, రెండోది బ్రిటిష్ ఇంగ్లీషులో ఎక్కువ వినిపిస్తుంది, మీకు ఏది నోటికి తేలిగ్గా వస్తే అది వాడుకోండి.

దీన్ని "మస్ట్ నాట్"తో మాత్రం కలపొద్దు, నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు అదే. మస్ట్ అన్నా నీడ్ టు అన్నా "చేయాలి" అనే అర్థమే కదా, అలాంటప్పుడు పక్కన నాట్ పెట్టినా రెండూ ఒకటే అనుకుంటాం, కానీ "యు నీడ్ నాట్ టేక్ దిస్ టాబ్లెట్" అంటే ఈ మాత్ర వేసుకోనక్కర్లేదు, "యు మస్ట్ నాట్ టేక్ దిస్ టాబ్లెట్" అంటే అసలు వేసుకోకూడదు. మొదటిదాంట్లో వేసుకోవడం మానడం మీ ఇష్టం, రెండోది నిషేధం.

గతానికి వచ్చేసరికి ఇంకో తేడా ఉంది. "యు నీడ్ నాట్ హ్యావ్ కమ్" అంటే మీరు వచ్చేశారు, కానీ ఆ రావడం అనవసరమైంది. "యు డిడ్ నాట్ నీడ్ టు కమ్" అంటే రావాల్సిన అవసరం లేకపోయింది అంతే, వచ్చారో లేదో ఆ వాక్యం చెప్పదు. ఈ రెండో వాక్యాన్ని ఏ సందర్భంలోనైనా వాడొచ్చు కాబట్టి అనుమానం ఉంటే అదే అనండి.

చొక్కా ఉతకాలి అనడానికి "ది షర్ట్ నీడ్స్ వాషింగ్" అంటారు, లేదా "నీడ్స్ టు బి వాష్డ్". "ది షర్ట్ నీడ్స్ టు వాష్" అంటే చొక్కాయే ఉతికే పనిలో దిగాలన్నట్టు అవుతుంది.

ఆఫీసు మెయిల్స్‌లో మర్యాద సంగతి కూడా చూసుకోవాలి. "ఐ నీడ్ యు టు ఫినిష్ దిస్ టుడే" తప్పేం కాదు, కానీ పైవాళ్లు కిందివాళ్లకు ఆర్డర్ వేసినట్టుంటుంది, కాబట్టి తోటివాళ్లకు, పెద్దవాళ్లకు రాసేటప్పుడు "కుడ్ యు ప్లీజ్ ఫినిష్ దిస్ టుడే" అని అడగండి, పనీ అవుతుంది, ఎవరూ నొచ్చుకోరు.

నామవాచకంగా వాడేవి కొన్ని అలాగే గుర్తుపెట్టుకుంటే చాలు: "దేర్ ఈజ్ నో నీడ్ టు వర్రీ" (కంగారుపడక్కర్లేదు), "ఇన్ నీడ్ ఆఫ్ రిపేర్" (రిపేరు అవసరమైన స్థితిలో), "ఇఫ్ నీడ్ బి" (అవసరమైతే). "ది నీడీ" అంటే ఇబ్బందుల్లో ఉన్న పేదవాళ్లు, అక్కడ ఏ తప్పూ లేదు. కానీ ఒక మనిషిని పట్టుకుని "యు ఆర్ సో నీడీ" అంటే ఎప్పుడూ ఎవరో ఒకరు పట్టించుకుంటూ ఉండాలని వేలాడేవాడివి అన్నట్టు, గట్టిగానే గుచ్చుకుంటుంది.