పార్ట్‌టైమ్ పనిలో చేరాక చదువు తేడా కొడుతోందా? ఇక్కడ చూసుకోండి

డిగ్రీ రెండో ఏడాదిలో శ్రీకాకుళం జీటీ రోడ్డులో ఒక బట్టల షాపులో చేరాను. సాయంత్రం 5 నుంచి 9 దాకా అన్నారు. నాలుగు గంటలే కదా, ఎలాగోలా లాగేయొచ్చు అనుకున్నాను. మూడు వారాలు తిరక్కుండానే మొదటి పీరియడ్ ఎగిరిపోవడం మొదలైంది. లోపం నా బద్ధకంలో ఉందని ఇంట్లో అన్నారు, నేనూ నమ్మాను. అసలు సంగతి తెలియడానికి ఒక సెమిస్టర్ పట్టింది.

సమస్య: పని తక్కువే, అయినా పొద్దున్న లేవలేకపోతున్నాను

కారణం: మీరు లెక్కపెట్టుకున్నది షాపు చెప్పిన గంటలు. మీ ఒంటికి పడుతున్నవి వేరే గంటలు.

9కి షట్టరు దించుతారు, సగమే. లోపల కౌంటర్ మీద చీరలు గుట్టగా పడి ఉంటాయి. పెళ్ళివారు ఒక్క బేరానికి నలభై చీరలు విప్పించి, రెండు కొని వెళ్ళిపోతారు. ఆ మిగతావన్నీ పాత మడత మీదే మడవాలి, జరీ నలగకూడదు, కవర్లో దూర్చి ధర చీటీ పైకి కనపడేలా రాక్‌లో సర్దాలి. మడత తప్పితే మర్నాడు సీనియర్ సేల్స్‌మన్ అందరి ముందూ విప్పి చూపిస్తాడు. బయటపడేసరికి 10. మాది ఆమదాలవలస వైపు. షేర్ ఆటో నిండితే గానీ కదలదు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చునేసరికి 11.

కాలేజీ నుంచి సాయంత్రం నాలుగున్నరకు బయల్దేరితే రాత్రి 11 దాకా, మొత్తం ఆరున్నర గంటలు. జీతం 6,000 అనుకుందాం. నెలకు 26 రోజులు. రోజుకు 4 గంటల లెక్కన గంటకు దాదాపు 58 రూపాయలు కనిపిస్తుంది. ఆరున్నర గంటలకు చూస్తే 35. ఆటోకి రోజుకు 40 తీసేస్తే 29కి వచ్చి ఆగుతుంది. ఈ లెక్క చేరకముందు వేసుకోవాలి, నేను మానేసే నెలలో వేసుకున్నాను.

పరిష్కారం: "షాపు ఎన్నింటికి మూస్తారు?" అని అడగొద్దు. "పనివాళ్ళు ఎన్నింటికి బయటకొస్తారు?" అని అడగండి. ఇంకా మంచిది, ఒక శనివారం రాత్రి ఎదుటి టీ కొట్టు దగ్గర నిలబడి చూడండి. యజమాని నోటి మాట కంటే ఆ టీ ఖర్చే నయం. ఇప్పటికే చేరిపోయి ఉంటే, వారంలో రెండు సాయంత్రాలూ ఆదివారం పూర్తిగానూ వస్తానని అడిగి చూడండి. ఆదివారం గిరాకీ ఉండే షాపులు ఒప్పుకుంటాయి. లేదంటే ఇంటికీ కాలేజీకీ మధ్య దారిలో ఉండే పని వెతుక్కోండి, జీతం వెయ్యి తగ్గినా సరే.

సమస్య: సరిగ్గా పరీక్షలప్పుడే సెలవు ఇవ్వరు

కారణం: మీ పనికీ ఒక పంచాంగం ఉంది. అది మీ పరీక్షలతో గుద్దుకుంటోంది.

క్యాటరింగ్ సంగతే తీసుకోండి. ఒక్క రాత్రికి చేతిలో డబ్బు పడుతుంది కాబట్టి హాస్టల్ కుర్రాళ్ళు ముందు దానికే వెళ్తారు. కానీ ఆషాఢం, భాద్రపదం, పుష్యం వస్తే ముహూర్తాలు ఉండవు, పనీ ఉండదు. కార్తీకంలో పెళ్ళిళ్ళు జోరుగా ఉంటాయి. డిగ్రీలో మొదటి, మూడో, ఐదో సెమిస్టర్ల పరీక్షలు సాధారణంగా పడేది నవంబరు, డిసెంబరుల్లోనే. ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉంటే, చివరి బంతి వడ్డించి గిన్నెలు వ్యానెక్కించేసరికి తెల్లారిపోతుంది. బట్టల షాపులకు దసరా, సంక్రాంతి పీక్. విజయనగరంలో అయితే దసరా వెళ్ళిన మంగళవారం సిరిమానోత్సవం. ఊరు నిండిపోయే ఆ రోజు షాపులో పనిచేస్తూ సెలవు ఆశించకండి.

ట్యూషన్ పంచాంగం మనకు కలిసొస్తుంది. టెన్త్, ఇంటర్ పబ్లిక్ పరీక్షలు మార్చికల్లా వచ్చేస్తాయి, మన రెండో సెమిస్టర్ పరీక్షలు ఆ తర్వాతే. నన్నడిగితే ఎనిమిది, తొమ్మిది తరగతులకు లెక్కలు చెప్పుకోవడమే అన్నింటికంటే తేలిక. టెన్త్ పిల్లల తల్లిదండ్రులు మార్కుల టెన్షన్ మీ మీద పెడతారు.

పరిష్కారం: చేరే రోజే, జీతం మాట రాకముందే, "పరీక్షలకు పది రోజులు రానండీ" అని చెప్పేయండి. "అప్పుడు చూద్దాంలే" అన్నారంటే ఇవ్వరని అర్థం.

సమస్య: హాజరు 75 శాతం కింద ఉంది

ఉదయం పని మానేయండి. ఇందులో వేరే మందు లేదు. సెమిస్టర్‌కి 90 పనిదినాలనుకుంటే మానడానికి మీ చేతిలో ఉన్నవి 22 రోజులు, జ్వరాలూ పండగ ప్రయాణాలూ అందులోనే. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కూ అదే 75 లెక్క. పేపరు వేస్తే వచ్చే డబ్బు కంటే అక్కడ పోయేది ఎక్కువ.

సమస్య: ఇంట్లో కూర్చుని టైపింగ్ పనట, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమంటున్నారు

అది పని కాదు, మోసం. కట్టేసి ఉంటే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. "నీ బ్యాంకు అకౌంట్ వాడుకుంటాం, కమీషన్ ఇస్తాం" అనేవాళ్ళూ ఉంటారు. ఆ అకౌంట్‌లోకి దొంగ సొమ్ము వస్తే పోలీసులు ముందు వెతుక్కుంటూ వచ్చేది మీ ఇంటికే. టెన్త్ ఒరిజినల్ సర్టిఫికెట్ కూడా ఎవరికీ ఇవ్వకండి, జిరాక్స్ చాలు.

సమస్య: డెలివరీ చేస్తున్నా చేతిలో ఏమీ మిగలడం లేదు

బండి మీదే, పెట్రోలూ మీదే, టైర్లూ మీవే. మన ఊళ్ళలో ఆర్డర్లు ఎక్కువగా రాత్రి భోజనాల వేళే. 18 నిండి లైసెన్స్ ఉండి, ఊరు మధ్యలో ఉండేవాళ్ళు రాత్రి రెండు మూడు గంటలు చేసుకోవచ్చు. ఎచ్చెర్ల హాస్టల్ నుంచి రోజూ పట్నానికి వచ్చి చేస్తానంటే మాత్రం పెట్రోలు బంకుకు పనిచేసినట్టే.

సమస్య: మానేస్తానంటే తిడతారేమోనని భయం

చెప్పకుండా మానేస్తే ఆగిన జీతం రాదు. నేను ఒక వారం ముందు చెప్పి, నా బదులు మా క్లాస్‌మేట్‌ని వెంటబెట్టుకుని వెళ్ళాను. "పరీక్షలా? ఆ ముక్క ముందే చెప్పొచ్చు గదేటి" అని విసుక్కుని, పన్నెండు రోజుల డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు యజమాని. మావాడి రూము ఆ షాపు వెనక సందులోనే. 10కి బయటపడితే పదీ ఐదుకల్లా మంచం మీద ఉండేవాడు. అదే పని, అదే జీతం, డిగ్రీ అయ్యేదాకా చేశాడు.