పాత ఇంట్లో అతిథి గది: ముందు బాత్రూమ్ సంగతి తేల్చండి

పాత ఇంటిని బాగుచేసి అతిథులకి ఇద్దామనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది మంచం గురించి. మంచం ఎప్పుడైనా మార్చుకోవచ్చు. బాత్రూమ్ ఎక్కడ పెడతారో ముందు చెప్పండి.

పై అంతస్తు చెక్క దూలాల మీదుంటే పెద్ద టబ్బుకి ఆశపడకండి. 200 లీటర్ల నీళ్లంటేనే 200 కిలోలు. టబ్బు, మనిషి, టైల్స్ బరువు వేరే. ఇంజనీరు దూలాలు చూసి సరేననేదాకా ఆగండి. నేనైతే టబ్బుని కింది గదికి దించేశాను. పైపుల కోసం పాత గోడని తొలవలేదు. దాని ముందు సన్నటి చెక్క అడ్డుగోడ నిలబెట్టి, అందులోంచి తీసుకెళ్లాను. రేపు తీసేసినా పాత గోడకి గాయం ఉండదు.

గోడల దగ్గర మాత్రం చేతులు కాల్చుకున్నాను. సున్నపు గోడకి సిమెంటు పూత వేయించాను. లోపలి చెమ్మ బయటికి రాలేక, ఏడాది తిరక్కుండానే ఉప్పు పూసి పెచ్చులూడింది. అంతా గీకించి మళ్లీ సున్నమే పూయించాను. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది. పూతకీ పూతకీ మధ్య రోజులు వదలండి, మేస్త్రీ ఎంత విసుక్కున్నా సరే. పైన ప్లాస్టిక్ ఎమల్షన్ రంగు వద్దు, అదీ చెమ్మని బయటికి రానివ్వదు.

పాడైన చోట అతికించిన కొత్త చెక్కని పాతదని నమ్మించక్కర్లేదు. పాత కట్టడాల పరిరక్షణకి అంతర్జాతీయంగా రాసుకున్న సూత్రాలు, 1964 నాటి వెనిస్ చార్టర్ మాటా అదే: కలిసిపోవాలి, కానీ చూస్తే తెలియాలి.

దీపాలు 2700 కెల్విన్‌వి, అంటే పసుపు ఛాయలో వెచ్చటి వెలుగిచ్చేవి చాలు. మంచం పక్కన స్విచ్ మర్చిపోకండి. అద్దెకిచ్చే ముందు ఒక రాత్రి మీరే అక్కడ పడుకోండి. ఏ తలుపు కిర్రుమంటుందో, వేడినీళ్లు ఎంతసేపటికి వస్తాయో అప్పుడే తెలుస్తుంది.